దీపాలవేళ రంగు ఏరరాదు

దీపాలు పెట్టిన తరువాత మనము రంగు నూలు ఏరుటయు, సావుకార్లు రాత్రిపూట బట్ట చూచి రంగు తప్పినదని మజూరీ కోయుటయు, రెండును మానవలెనని మా అభిప్రాయము.

షోలాపూరులో మాకు జరిగినదే చెప్పెదము. పండుగ తొందర. కరెంటు లేదు. మునిమాపు వెలుతురులో దుప్పటి అంచుకు నల్ల చిలపలు ఏరి, కండెలు చుట్టి, ఆ మసకలోనే పడుగు పోసితిమి. తెల్లవారి ఎండలో చూతుము గదా, నలుపు నడుమ ముదురెరుపు! నూలు ఖరీదు మజూరీలో పోయినది. కళ్ళు ఎక్కడ పెట్టుకొన్నారన్న మాటయు పడితిమి. కళ్ళు ఉన్నచోటనే ఉన్నవి. వాటి స్వభావమే అట్టిది.

కంటి లోపలి తెరలో రెండు తెగల కణములున్నవి. శంకువుల వంటివి సుమారు 60 లక్షలు. రంగు తెలిపెడివి ఇవే గాని వీటికి మంచి వెలుతురు కావలెను. కడ్డీల వంటివి సుమారు 12 కోట్లు. చీకటిలో చూపు వీటిదే. అయితే ఇవన్నియు ఒకే రకము గనుక వెలుగు హెచ్చుతగ్గులు తప్ప రంగు ఎరుగవు. పైగా ఎరుపు విషయములో ఇవి దాదాపు గుడ్డివి. అందుచేతనే పొద్దుగూకిన కొద్దీ ఎరుపు నల్లబడును, నీలము తేలును. బొహీమియా శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1825లోనే దీనిని వ్రాసినాడు. వేకువను ఆయన కంటికి మొదట తెలిసిన రంగు నీలము. పగలు మెరిసెడి ఎరుపు అప్పుడు మిక్కిలి నల్లగా కనబడినదట.

మా తాతలు ఆముదపు దీపము వద్ద నేయలేదా అని పెద్దలందురు. నేసిరి. నేత చేతి వాడుకతో సాగును. రంగు ఏరుట వేరు.

పెద్ద బల్బు పెట్టిన చాలునా? చాలదు. తీగ బల్బు వెలుగులో ఎరుపు, పసుపు హెచ్చు; నీలము తక్కువ. వేరువేరు మందులతో అద్దిన రెండు నీలములు ఎండలో ఒకటిగా ఉండి, దాని క్రింద వేరుగా కనబడవచ్చును. ఎల్.ఇ.డి. దీపములలోను వేటి వన్నె వాటిది. అట్టి దీపము క్రింద కూర్చుండి నేతగాని కూలి కోయుట న్యాయమా?

సాయంత్రము వచ్చిన సరుకుకు రశీదు ఇచ్చి, రంగు సంగతి మరునాటి పగటికి ఉంచుడని సావుకార్లకు మా మనవి. నూలు ఇచ్చునప్పుడే ప్రతి రంగు పోగు ఒకటి చీటీకి కట్టి ఇచ్చినచో వాదము ఉండదు. మన ఇండ్లలో చిలపలు పగలే విడదీసి, నలుపు ఒక దండెమున, ముదురెరుపు వేరొక దండెమున వేయవలెను.