మొదటి సెమ్ చూసి లెక్కకట్టొద్దు

మా భీమవరం వైపు సంక్రాంతికి కోడి రంగు చూసి గెలుపు చెప్పేసేవాళ్ళున్నారు. క్లాసులో మొదటి సెమ్ మార్కులు చూసి చెప్పేస్తారు. రెండూ ఒకటే తప్పు.

మైలు గుర్రాలనే చూడండి, అంటే 1,600 మీటర్ల పందెం. ఫ్రాంకెల్ రెండేళ్ల వయసులోనే మొదలెట్టి, 2010 నుంచి 2012 దాకా పరుగెత్తిన 14 రేసులూ గెలిచింది. బయీద్ ఆ వయసులో అసలు బరిలోకే దిగలేదు. 2021లో మొదలెట్టి వరసగా 10 గెలిచి, 11వ దాంట్లో ఓడింది. రికార్డులో ఫ్రాంకెలే గొప్ప, ఒప్పుకుంటాను. కానీ రెండేళ్లప్పుడే లిస్టు రాసుంటే బయీద్ పేరే ఉండేది కాదు.

ఫామ్ అంటే ఇప్పటిదాకా చేసింది. సత్తా అంటే ఇంకా చేయగలిగింది. ఒక్క బ్యాక్‌లాగ్ ఉందని ప్రాజెక్ట్ టీములోంచి ఎవర్నీ తీసేయకండి. నన్ను తీసేశారు, అందుకే చెప్తున్నా.