మంచిగనే ఉన్న నాయనా!

విమానం కిటికీలోంచి కనిపించే దుబాయ్ ఒకటి. దిగాక కనిపించే దుబాయ్ ఇంకొకటి. మొదటిది ఫొటోల్లో ఊరికి చేరుతుంది. రెండోది అక్కడే ఉండిపోతుంది.

గల్ఫ్ అనగానే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ గుర్తొస్తాయి. ఆ పల్లెల్లో దుబాయ్ చూసొచ్చినవాళ్లు వాడకొకరైనా కనిపిస్తారు. పాత వరంగల్ జిల్లా నుంచి 2016లో విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అంత రద్దీ లేదు. అలాగని పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరేవాళ్లు లేకపోలేదు. జనగామ దగ్గర బోరు ఎండిన రైతు, మహబూబాబాద్ తండాలో మిర్చి అప్పే మిగిల్చిన కౌలుదారు, భూపాలపల్లిలో బొగ్గు గనులూ కరెంటు ప్లాంటూ కళ్లెదుటే ఉన్నా కొలువు దొరకని కుర్రాడు... కారణం ఏదైతేనేం, దారి మాత్రం షంషాబాద్‌కే. అడిగి తెలుసుకుందామంటే పక్కింట్లో వెళ్లొచ్చినవాళ్లు ఉండరు. ఏజెంటు చెప్పిందే వేదం!

సుమారు నాలుగు గంటల ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. విమానాశ్రయం దాటి బయట అడుగుపెట్టగానే మొదట తగిలేది గాలి. ఎండ వీళ్లకు కొత్త కాదు. మే నెలలో భూపాలపల్లి చూసినవాడికి ఎండ గురించి ఒకరు చెప్పాలా? కొత్తది ఉక్కపోత. సముద్రం పక్కనున్న నగరం కాబట్టి, వేసవిలో రాత్రి పదింటికి కూడా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది.

రెండో ఆశ్చర్యం భాష. అరబ్బీ రాదే ఎలా అని దారిపొడవునా బెంగపడ్డవాడికి, చెవినపడేదంతా హిందీ, మలయాళం. టీకొట్టు మలయాళీది, డ్రైవరు పాకిస్థానీ. మన పల్లెల్లో వాడే ఉర్దూ మాటలే అక్కడ పనికొస్తాయి. ఎక్కడో ఒకచోట ‘ఏ ఊరు అన్నా మీది?’ అని తెలుగు వినపడితే, సగం భయం అక్కడే పోతుంది.

మిగతా సగం క్యాంపులో మొదలవుతుంది. కార్మికుల క్యాంపులకు పేరుపడ్డ ప్రాంతం సోనాపూర్. అంటే బంగారు ఊరు! గదిలో మంచం మీద మంచం. ఎవరి మంచానికి వాళ్లు దుప్పటి వేలాడదీసుకుంటే అదే ఇల్లు. తెల్లారకముందే స్నానాల గది ముందు వరస. టిఫిన్ డబ్బా సర్దుకుని బస్సెక్కితే తిరిగి గదికి చేరేది చీకటి పడ్డాకే. ఊళ్లో ఫలానా వాళ్ల కొడుకు అంటే చాలు, అందరికీ తెలిసేది. ఇక్కడ కార్డు మీది నంబరే మనిషి.

అన్నీ కష్టాలేనా అంటే, కాదు. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. జీతం బ్యాంకు ద్వారానే చెల్లించే పద్ధతి 2009లో వచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. కానీ ఈ సంగతులు తెలియనివాడు ‘ఇటివ్వు’ అనగానే తీసి చేతిలో పెడతాడు. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ సంతకం పెట్టే కాగితంలో ఉన్నది ఒకటి అయితే? అప్పటికే అప్పు నెత్తినుంది. సంతకం పెట్టక ఏం చేస్తాడు!

ఇంతలో ఫోను మోగుతుంది.

‘‘ఎట్లున్నవ్ బిడ్డా? తిన్నవా?’’

‘‘మంచిగనే ఉన్న నాయనా. రూమ్‌ల ఏసీ గూడ ఉన్నది.’’

అబద్ధం కాదు. ఏసీ నిజంగానే ఉంది. దాని కింద ఎంతమంది పడుకుంటారో మాత్రం చెప్పడు. అమ్మ ఏడుస్తుందని ఒక భయం. అప్పిచ్చినవాడు వింటే పరువు పోతుందని ఇంకో భయం. ఒకప్పుడు ఉత్తరంలో రెండు ముక్కలు రాసి సరిపెట్టేవారు. ఇప్పుడు వీడియో కాల్ వచ్చింది కదా, దాచడం కష్టమేమో అనుకుంటాం. ఏం కష్టం? సెలవురోజు అద్దాల మేడ ముందు నిలబడి ఫోన్ చేస్తే సరి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా వెనకాల కనిపిస్తుంటే, పై మంచం ఎవరికి గుర్తొస్తుంది?

దూరపు కొండలు నునుపు అంటారు. ఈ కొండను నున్నగా చెక్కుతున్నది అక్కడున్న మనవాళ్లే. అది ప్రేమతోనే, కాదనలేం. కానీ ఆ కాల్ చూసినవాళ్లలో చిన్నాయన కొడుకు కూడా ఉంటాడు. ‘అన్న మంచిగున్నడు, నేను గూడ పోత’ అంటాడు. లక్ష రూపాయలు రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు మిత్తే రెండు వేలు, ఏడాదికి 24 వేలు. అసలు అలాగే ఉంటుంది. పని వీసా బదులు విజిట్ వీసా చేతిలో పెట్టినా తేడా తెలియదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు సేవారుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదని మన నిబంధనలు చెబుతాయి. పదో తరగతి పాసవని వారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ దారిలో వెళితే ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల రక్షణ ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడికి ఆ గొడుగు లేదు.

గల్ఫ్‌లో ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. మంచిదే. అయితే అది అంతా అయిపోయాక అందే సాయం. బయల్దేరకముందు అందాల్సింది పైసలు కాదు, మాట. గదిలో ఎంతమంది, చేతికొచ్చేదెంత, సంతకం పెట్టిన కాగితంలో ఏముంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఈ నాలుగూ నిజంగా తెలిసీ వెళ్లేవాడు వెళతాడు. వెళ్లి ఇల్లు కట్టినవాళ్లున్నారు, చెల్లెలి పెళ్లి చేసినవాళ్లున్నారు. తెలియక వెళ్లినవాడికి మాత్రం తొలివారమే పెద్దదెబ్బ.

అమ్మకు చెప్పలేకపోతే పోనీ. తమ్ముడికైనా చెప్పాలి. ఫోన్‌ను మేడవైపు నుంచి మంచంవైపు ఒక్కసారి తిప్పితే చాలు, మిగతాది వాడే చూసుకుంటాడు.