పాఠ్యగ్రంథముల వెల, విశ్వవిద్యాలయముల విధి

ఆచార్యునకు వేతనము నిచ్చునది ప్రజ. అతడు కూర్చుండి చదువుకొను గ్రంథాలయమును గట్టించినది ప్రజ. ఆ వేతనము దినుచు, ఆ గ్రంథాలయమున గూర్చుండి అతడు వ్రాసిన పాఠ్యగ్రంథము మాత్రము ఒక ప్రచురణకర్త సొత్తయి, మఱల నా ప్రజల బిడ్డలకే వారు మోయలేని వెలకు విక్రయింపబడుచున్నది. ఒకే సరకునకు రెండుమాఱులు మూల్యము గొనుటను అంగడివీధిలో నేమందురో మా పాఠకులకు జెప్పనక్కఱలేదు. విద్యావీధిలో మాత్రము దానికి గ్రంథస్వామ్యమని గౌరవనామము గలదు.

ఈ రోగము మిక్కిలి ముదిరినది అమెరికాలో; చికిత్సయు నచ్చటనే మొదలైనది. మేము ఆ దేశమును మెచ్చుకొను సందర్భము లరుదు. కాని పొలము తాకట్టుపెట్టియో, బ్యాంకు ఋణము దెచ్చియో మన తెలుగు తల్లిదండ్రులు ఏటేట తమ పిల్లల నచ్చటి విశ్వవిద్యాలయములకు బంపుచున్నారు గనుక, ఇది మనకు బొత్తుగా పరాయిమాట గాదు.

1986 డిసెంబరు మొదలు 2004 డిసెంబరు వఱకు ఆ దేశమున కళాశాలా పాఠ్యగ్రంథముల వెలలు నూటికి 186 వంతున బెరిగెనని వారి ప్రభుత్వ తనిఖీ కార్యాలయమే 2005లో బ్రకటించెను. 2006 జనవరి నుండి 2016 జూలై లోపల నవి మఱి 88 వంతులు పెరిగినవి. అదే కాలమున సర్వసామాన్యముగా వస్తువుల వెలలు పెరిగినది 21 వంతులు మాత్రమే. ఈ నడుమ న్యూటను సూత్రములు మాఱినవా? మాఱలేదు. మాఱినవి అభ్యాసముల వరుససంఖ్యలు. కొన్నియేండ్ల కొకమాఱు క్రొత్తకూర్పు వెలువరింతురు. అన్న చదివిన పుస్తకము తమ్మునికి బనికిరాకుండ బోవును. అదియు జాలక, నేడు పుస్తకమునకు సంకేతాక్షరముల తాళము నొకటి తగిలించినారు. ఇంటిపని యొప్పగింపవలెనన్నను ఆ తాళము విప్పవలెను. చదువుకాలము ముగియగానే ఆ సంకేతము చచ్చును. పాతపుస్తకము దొరికినను బీదవిద్యార్థికి ఫలము లేదు.

ఇట్లేల జరుగుచున్నది? మందు వ్రాయువా డొకడు, సొమ్ము చెల్లించువాడు వేఱొకడు. పుస్తకమును నిర్ణయించు ఆచార్యునకు ప్రచురణకర్త ఒక ప్రతిని ఉచితముగా బంపును. దాని వెల యెంతయో ఆయన యెఱుగకుండుటయు గలదు. ఎఱుగవలసినవాడు విద్యార్థి. వానికి బేరమాడు హక్కు లేదు.

వెలకును అచ్చుకూలికిని సంబంధమున్నదని వాదించువారు ఒక వ్యాజ్యమును జ్ఞాపకము చేసికొనవలెను. థాయిలాండునుండి కార్నెల్ విశ్వవిద్యాలయమునకు జదువబోయిన సుపాప్ కీర్త్‌సెంగ్ అను విద్యార్థి, అవే గ్రంథముల ఆసియా ముద్రణములను స్వదేశమున జౌకగా గొనిపించి, అమెరికాలో నమ్ముకొనెను. వైలీ అను ప్రచురణసంస్థ వానిపై దావా వేసెను. 2013లో ఆ దేశపు సుప్రీముకోర్టు విద్యార్థి పక్షముననే తీర్పు చెప్పెను. తీర్పుకన్న మాకు ముఖ్యమైనది ఆ వ్యాపారము సాగుటయే. అదే విషయము ఆసియాలో నొక వెలకును, అమెరికాలో దానికి బెక్కురెట్ల వెలకును అమ్ముచున్నారన్నచో, వెలను నిర్ణయించినది కాగితము గాదు, సిరా గాదు, పండితుని శ్రమయు గాదు. కొనువాని మెడ యెంతవఱకు వంగునో అదియే.

ఇక చికిత్స. 2011లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్‌స్ట్ శాఖ, వెలగల పాఠ్యగ్రంథమును విడిచిపెట్టు ఉపాధ్యాయులకు 1,000 డాలర్ల చొప్పున చిన్న గ్రాంటుల నీయసాగెను. పద్ధతి యతిసులభము. ఉపాధ్యాయుడు దరఖాస్తు పెట్టుకొనును, గ్రంథాలయాధికారి తోడ్పడును, ఇదివఱకే స్వేచ్ఛగా లభించు గ్రంథములను, వ్యాసములను వెదకి కూర్చుకొని, లేనిదానిని తాను వ్రాసికొనును. జార్జియా రాష్ట్రపు విశ్వవిద్యాలయములన్నియు గలిసి 2014 నుండి ఇట్టి గ్రాంటుల నిచ్చుచున్నవి. 2018లో ఆ దేశపు కాంగ్రెసు 50 లక్షల డాలర్లను ఈ పనికై కేటాయించెను. రైస్ విశ్వవిద్యాలయపు ఓపెన్‌స్టాక్స్ 2012లో భౌతికశాస్త్రముతోను, సమాజశాస్త్రముతోను ఆరంభించి, నేడు కళాశాలలలోని ముఖ్యవిషయములకు బెక్కింటికి గ్రంథముల నుచితముగా నందించుచున్నది.

ఉచితముగా వచ్చునది నాసిరకమని ముక్కు విఱుచు పెద్దలు మనలోను గలరు. 2018లో బ్రకటింపబడిన జార్జియా విశ్వవిద్యాలయపు పరిశీలనను వారు చూడవలెను. 21,822 మంది విద్యార్థుల ఫలితములను అందు బోల్చి చూచిరి. స్వేచ్ఛాగ్రంథములతో జదివిన తరగతులలో దప్పినవారును, నడుమ మానినవారును దగ్గిరి. ప్రభుత్వసహాయముపై జదువు బీదవిద్యార్థులయందు మేలు మఱింత హెచ్చుగా గనబడెను. ఒక్క పరిశీలనతో సర్వము సిద్ధించెనని మే మనుట లేదు. కాని మొదటిదినముననే పుస్తకము చేతనున్నవాడు, నెల గడచిన పిమ్మట గొన్నవానికన్న మేలుగా జదువుట వింతగాదు.

ఉచితముగా వ్రాయువా రెవ్వరని మఱియొక యాక్షేపణ. ఉచితముగా వ్రాయుమని యెవ్వ రడిగిరి? గ్రాంటు ఇచ్చునది అందులకే. పండితుని శ్రమకు ఒక్కమాఱు న్యాయమైన ప్రతిఫల మిచ్చి, పిదప ఆ ఫలము నందఱకు బంచవలెననుటయే మా వాదము. ప్రతి విద్యార్థినుండియు బ్రతి సంవత్సరమును గప్పము వసూలుచేయు పద్ధతికన్న నిది పండితునకును గౌరవప్రదము.

ఇప్పుడు మన యింటికి వత్తము. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ముద్రణాలయములును, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు గలసి, ఢిల్లీ విశ్వవిద్యాలయముపైనను, దాని యావరణలోని జిరాక్సు దుకాణముపైనను వ్యాజ్యము తెచ్చినవి. బోధనకై ప్రతులు తీయుట 1957 నాటి గ్రంథస్వామ్యచట్టమున కనుగుణమేయని 2016లో హైకోర్టు చెప్పెను. 2017లో ఆ సంస్థలు దావాను విరమించుకొన్నవి. మనవా రానందించిరి, మేమును ఆనందించితిమి. కాని జిరాక్సు ప్రతి యాకలికి గంజివంటిది. దానిని దిద్దుటకు హక్కు లేదు, తెలుగు చేయుటకు హక్కు లేదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తన పాఠ్యగ్రంథముల నంతర్జాలమున నుచితముగా నుంచినది, మెచ్చుకొనదగినదే. అయినను వాని హక్కులను తనయందే యుంచుకొన్నది. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. గ్రంథకర్త పేరు చెప్పి ఎవ్వరైనను ముద్రించుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అనువదింపవచ్చును అను అనుమతిపత్రము తోడనే యుండవలెను. అట్టి పత్రములను క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లోనే సిద్ధపఱచినది. అప్పుడు పల్లెటూరి కళాశాలలోని వృక్షశాస్త్రోపాధ్యాయుడు పరదేశపు మేపిల్ ఆకును దీసివేసి, తన గుమ్మము ముందటి రావియాకును బొమ్మవేసికొనగలడు. అర్థశాస్త్రోపాధ్యాయుడు డాలర్ల లెక్కను మానిపించి, గుంటూరు మిర్చియార్డు ధరలతో లెక్క నేర్పగలడు.

కోఠి పాతపుస్తకముల బండ్లయొద్దను, బెజవాడ లెనిన్ సెంటరు దుకాణములయొద్దను వేడుకుచు నిలిచిన పిల్లలను మేము చూచియున్నాము. తెనుగున జదువువాని గతి మఱియు గష్టము. వానికి దొరకునది గైడు. ఈ కొఱతను మనవారు ముందే గుర్తింపకపోలేదు: కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రమును చరిత్రమును దెలుగున నందిచ్చిరి, 1968లో తెలుగు అకాడమీ యేర్పడెను. లోపించినది సంకల్పము గాదు, ప్రజాధనముతో వ్రాయించిన గ్రంథము ప్రజాసొత్తు గావలెనను నియమము.

కావున రెండు రాష్ట్రముల ప్రభుత్వములను, విశ్వవిద్యాలయాధికారులను మే మడుగుచున్నాము. మొదట డిగ్రీ మొదటి సంవత్సరపు విషయములకు గ్రాంటు లీయుడు. ఒక్కొక్క గ్రంథమునకు ముగ్గురుపాధ్యాయులకు బోధనాభారము దగ్గింపుడు. స్వేచ్ఛానుమతి లేనిదే పైక మీయకుడు. పదోన్నతి లెక్కలలో బేరుగల ప్రచురణకర్త ముద్రించిన గ్రంథమున కెంత గౌరవమో దీనికి నంత గౌరవ మీయుడు. సర్వము మొదటినుండి వ్రాయనక్కఱయు లేదు. ఓపెన్‌స్టాక్స్‌వారి విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రమును పోలెండువారు తమ భాషలోనికి మార్చుకొని, తమ విద్యార్థుల కుచితముగా నిచ్చుచున్నారు. వారికి వర్తించిన అనుమతిపత్రమే మనకును వర్తించును.