తిమింగలం దారి మళ్లితే కారణం చమురా, మంచా?

పర్యావరణంపై ప్రశ్న కనిపించగానే మనలో చాలామంది నిందితుణ్ణి ముందే ఎంచుకుంటారు. 'పారిశ్రామికీకరణ వల్ల' అనో, 'వాతావరణ మార్పు వల్ల' అనో మొదటి వాక్యం రాసేసి, మిగతా జవాబంతా దానికి సాక్ష్యాలు పేర్చుకుంటూ పోతారు. ఈ అలవాటు మార్కులకే కాదు, రేపు మీరు కూర్చోబోయే కుర్చీకీ చేటు తెస్తుందని నా అభిప్రాయం. అలాస్కా ఉత్తర తీరంలోని బోహెడ్ తిమింగలాల ఉదంతం చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

నేపథ్యం

బోహెడ్ ఆర్కిటిక్‌ను వదిలి పోని తిమింగలం. 200 ఏళ్లకు పైగా బతకగలదు. శీతాకాలం బేరింగ్ సముద్రంలో గడిపి, వసంతంలో మంచు పగుళ్ల వెంట చుక్చీ సముద్రం దాటి కెనడా వైపు బ్యూఫోర్ట్ సముద్రానికి వెళ్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అలాస్కా తీరం వెంబడి తిరుగు ప్రయాణం కడుతుంది. ఆ తీరంలోని ఇనుపియాట్ ప్రజలకు ఇది తరతరాల ఆహారం. వాళ్లు చిన్న పడవల్లో వేటకు వెళ్తారు. తిమింగలం తీరానికి దూరంగా పోతే పడవకు ప్రమాదం పెరుగుతుంది, లాగి తెచ్చేలోగా మాంసం పాడవుతుంది. కాబట్టి 'ఎంత దూరం జరిగింది' అన్నది వాళ్లకు తిండికి సంబంధించిన ప్రశ్న.

అదే సముద్రంలో చమురు కోసం సీస్మిక్ సర్వేలు జరిగాయి. ఎయిర్‌గన్లతో నీటిలోకి శబ్దాన్ని పేల్చి, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనితో నిక్షేపాలను గుర్తిస్తారు. ఆ శబ్దం తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. బోహెడ్లు ఒకదానినొకటి పిలుచుకునేదీ ఆ స్థాయిలోనే.

రెండు వాదనలు, రెండూ నిజాలే

1996-98 మధ్య జరిగిన పరిశీలనల్లో, పనిచేస్తున్న సర్వే నౌకకు సుమారు 20 కిలోమీటర్ల లోపలికి చాలా తిమింగలాలు రాలేదని తేలింది. మరోవైపు, 1982-2000 నాటి విమాన సర్వేల లెక్కలు ఇంకో మాట చెప్పాయి. మంచు తక్కువగా ఉన్న ఏళ్లలో తిమింగలాలు తీరానికి సగటున 30 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తే, మంచు దట్టంగా ఉన్న ఏళ్లలో ఆ దూరం 70 కిలోమీటర్లు దాటింది. అంటే మంచును లెక్కలోకి తీసుకోకుండా, తిమింగలం దూరం జరిగిన ప్రతిసారీ పాపమంతా చమురు కంపెనీ నెత్తిన రుద్దితే తప్పవుతుంది. మంచును సాకుగా చూపి శబ్దాన్ని వదిలేసినా తప్పే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మంచు, పరిశ్రమ వేర్వేరు కారణాలు కావు. మంచు దట్టంగా ఉంటే నౌకలు తిరగలేవు, సర్వేలు తగ్గుతాయి. మంచు తగ్గితే నీరు ఎక్కువ రోజులు తెరిచి ఉంటుంది, నౌకలు పెరుగుతాయి. తిమింగలాలు తీరానికి దగ్గరగా నడిచే ఏళ్లే నౌకలకూ అనుకూలమైన ఏళ్లన్నమాట. ఒక కారణం ఇంకో కారణానికి తలుపు తీస్తోంది.

పోనీ, 'మంచు తగ్గితే తిమింగలం దగ్గరకొస్తుంది' అని సూత్రం రాసుకుందామా? 2019 శరదృతువు దానినీ నిలవనివ్వలేదు. తీరం దగ్గర మంచు దాదాపు లేదు, నీరు వెచ్చగా ఉంది, అయినా తిమింగలాలు మామూలుగా వచ్చే దారిలో రాలేదు. ఉత్కియాగ్విక్ వేటగాళ్లకు ఆ సీజన్ మొదటి తిమింగలం నవంబరులో గానీ దొరకలేదు. ఆహారం, నీటి వేడి, కిల్లర్ వేల్స్ దాడులు కూడా లెక్కలోకి రావాలి.

వినాల్సిన గొంతు

1977లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం బోహెడ్ల సంఖ్య బాగా తక్కువని భావించి ఇనుపియాట్ల వేటను ఆపబోయింది. తిమింగలాలు మంచు కిందుగా, తీరానికి దూరంగా కూడా వెళ్తాయనీ, ఒడ్డున నిలబడి లెక్కిస్తే అందవనీ వేటగాళ్లు చెప్పారు. ఆ ఏడాదే తమ సొంత కమిషన్ పెట్టుకున్నారు. తర్వాత నీటిలో మైకులు దించి విన్నప్పుడు వాళ్ల మాటే నిజమైంది. 2011 అంచనా దాదాపు 17 వేలు. శబ్దం విషయంలోనూ అంతే. 1980ల అధ్యయనాలు తిమింగలాలు కొన్ని కిలోమీటర్లే తప్పుకుంటాయన్నాయి. వేటగాళ్లు అంతకన్నా చాలా ఎక్కువన్నారు. 1990ల కొలతలు వాళ్ల వైపే మొగ్గాయి.

అందుకే అక్కడి పరిష్కారాల్లో నాకు నచ్చింది, వేటగాళ్ల కమిషన్‌కూ కంపెనీలకూ మధ్య కుదిరే ఒప్పందం. వేట రోజుల్లో ఏ నౌక ఎక్కడ తిరగాలి, పని ఎప్పుడు ఆపాలి అన్నది ఇద్దరూ ముందే కూర్చుని తేల్చుకుంటారు. కారణాల చిక్కుముడి పూర్తిగా విడిపోయేదాకా ఆగకుండా, మన చేతిలో ఉన్నదాన్ని ముందు సరిచేసే మార్గమిది. మంచును ఏ అధికారీ ఆజ్ఞాపించలేడు. నౌకను ఆపగలడు.

మనకెందుకు?

భారత్ 2013 నుంచి ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక దేశం. 2022లో ఆర్కిటిక్ విధానం ప్రకటించింది. అది ఒక కారణం. రెండోది ఇంకా దగ్గరది. మన కృష్ణా-గోదావరి తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద చమురు-గ్యాస్ పనులు, ట్రాలర్లు, తీరం కోత కలిసి పనిచేస్తాయి. మన పర్యావరణ ప్రభావ అంచనా మాత్రం ప్రధానంగా ఒక్కో ప్రాజెక్టును విడివిడిగానే తూకం వేస్తుంది. విడిగా చూస్తే ప్రతి ప్రాజెక్టూ 'స్వల్ప ప్రభావమే' అనిపించుకుంటుంది. అన్నీ కలిపితే వచ్చే భారాన్ని కొలిచే నాథుడుండడు. సంచిత ప్రభావ అంచనా తప్పనిసరి కావాలని నేననేది ఇందుకే.

కాబట్టి జవాబు రాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మార్పుకు ఇంకే కారణముంది? ఆ కారణాలు ఒకదానినొకటి పెంచుతున్నాయా? అక్కడ బతికేవాళ్లు ఏమంటున్నారు? ఈ మూడింటికీ చోటిచ్చిన జవాబు పరీక్షలో నిలబడుతుంది. ఇదే అలవాటుతో రేపు ఫైలు మీద సంతకం చేస్తే, ఆ నిర్ణయమూ నిలబడుతుంది.

సాధన ప్రశ్న: సముద్ర జీవుల వలసపై ప్రభావాన్ని ప్రాజెక్టులవారీగా అంచనా వేయడంలోని పరిమితులను ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)