అంటు మనకు, సర్టిఫికెట్టు యాజమాన్యానికా?

ఒకప్పుడు పురుడు పొయ్యాలంటే మంగలి, మాల, మాదిగ ఆడవాళ్లే కావాలి. బొడ్డు కోసి, మైలగుడ్డలు పిండి పెట్టాక ఆమె తాకిన చోటల్లా పసుపునీళ్లు చల్లుకునేవాళ్లు.

1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. పరాయివాళ్ల పుండు కడగడం, రాత్రిళ్లు బయట ఉండటం పెద్దకులాలకు తక్కువతనం. దేశంలో తొలితరం నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవ ఆడవాళ్లే. మన జిల్లాల్లో క్రైస్తవులంటే ఎవరో చెప్పాలా? చీమూ నెత్తురూ తుడిచింది మనమ్మలే.

ఇప్పుడా పనికి గల్ఫ్‌లో, ఇంగ్లండులో జీతాలున్నాయి. అంటు ఎటుపోయిందో! చదువు కాస్తా వ్యాపారమయింది.

భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బరిణెల మీది అక్షరాలే తెలుగు లిపికి మూలమని పండితులు గొప్పగా చెప్తారు. అదే ఊరి వాడపిల్ల తెలుగులో చదువుకుని నర్సింగ్ క్లాసుకి పోతే పాఠమంతా ఇంగ్లీషు. అర్థంకాలేదంటే "రిజర్వేషన్ సీటు" అని నవ్వు. నవ్వేవాడు ఆ పాఠాన్ని తెలుగులో ఒక్కసారి విప్పి చెప్పడు.

ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని నర్సింగ్ కౌన్సిల్ రూలు. రోగులే రాని ఆసుపత్రిని చూపించి నడిపే కాలేజీలో ఏం నేర్చుకుంటారు? బొమ్మకి సూదులు గుచ్చి, రికార్డులు కాపీకొట్టి బయటికొస్తారు. రేపు ఆ చేతుల్లోకి వచ్చేది మన బిడ్డల ప్రాణాలే. తెనాలి జిల్లా ఆసుపత్రి నిండా రోగులున్నారు, రేపల్లె రైలెక్కితే భట్టిప్రోలు నుంచి ఎంత దూరం? సర్కారు చదువు అలాంటి చోట కావాలి. 2023లో మెడికల్ కాలేజీల పక్కన 157 నర్సింగ్ కాలేజీలకి కేంద్రం సరేనంది. అందులో మనవాడలకి దగ్గరగా వచ్చేవెన్నో అడగాలి.

అసలు దగా ఫీజు దగ్గరుంది. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కూలితల్లి వడ్డీకి తెచ్చి కట్టాలి. కట్టలేదా, ఒరిజినల్స్ యాజమాన్యం బీరువాలోనే. కాగితాలు లేనిదే కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు కాదు. చదివిన పిల్ల ప్రైవేటు నర్సింగ్ హోములో ఆయా జీతానికి పన్నెండు గంటలు నిలబడుతుంది. 2016లో సుప్రీంకోర్టు వేయించిన కమిటీ, యాభై పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20,000కి తగ్గకూడదంది. మీకు తెలిసిన నర్సింగ్ హోములో ఎంతిస్తున్నారో కనుక్కోండి.

ఒరిజినల్స్ కాలేజీలు ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సంఘాలవాళ్లు ఆ కాగితం జిరాక్సు తీసి వాడవాడలా పంచండి. తల్లిని ఒంటరిగా పంపొద్దు. పదిమంది కలిసి ప్రిన్సిపాల్ గదికి పోండి. ఇవ్వనంటే, ఎందుకివ్వరో రాసివ్వమనండి.