యాది మరుపు - మన బాధ్యత

మన నిర్మల్‌లో కోతి మాట ఎత్తితే చాలు, ఎవరైనా కర్ర కోసం చూస్తారు. ఇంటి పెంకులు పీకేది అదే, మక్క చేను ఆగం చేసేది అదే. 2020 డిసెంబరులో గండి రామన్న దగ్గర కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం కూడా ప్రారంభమైంది. పట్టుకున్న కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి తిరిగి అడవిలో వదలాలని దాని ఉద్దేశం. అయితే సోదర విద్యార్థులారా, ఈ ఎర్రమూతి కోతికి మనం కొంత రుణపడి ఉన్నామంటే నవ్వకండి. ముసలితనంలో మతిమరుపు ఎందుకొస్తుందో శాస్త్రానికి తెలిసిన దాంట్లో కొంత భాగం దాని మెదడు చెప్పిందే.

1978లో ప్రభుత్వం ఎగుమతి నిషేధించే దాకా మన దేశపు రీసస్ కోతులు పరదేశాల ప్రయోగశాలలకు వేల సంఖ్యలో వెళ్లేవి. ఈ కోతికి ఒక ఏడు గడిస్తే మనిషికి సుమారు మూడేళ్లు గడిచినట్టు. ఇరవై దాటితే ముసలిదే. దాని కళ్లముందే రెండు గుంటల్లో ఒకదాంట్లో తిండి పెట్టి, అడ్డుతెర దించి, కొన్ని క్షణాల తర్వాత తీస్తారు. వయసులో ఉన్న కోతి సరిగ్గా అక్కడే చేయి పెడుతుంది. ముసలి కోతి, ఆలస్యమైన కొద్దీ తడబడుతుంది. నుదుటి వెనుక మెదడులోని కణాలు గుంపులుగా చచ్చిపోవడం దీనికి కారణమని మొదట్లో అనుకునేవారు. పరిశీలిస్తే కణాలు చాలావరకు అట్లనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సన్నని మొలకలే తగ్గిపోయాయి. ఇంకో విశేషం, అన్ని ముసలి కోతులూ ఒకే తీరుగా తడబడలేదు.

ఇది వయసు తెచ్చే మరుపు. జబ్బు తెచ్చే మరుపు వేరు. 2023లో అచ్చయిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం అరవై దాటిన వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. మా వాడలో ఒక పెద్దమ్మ అడిగిందే అడుగుతుంటే మనవలు "ముసల్దానికి చాదస్తం" అని నవ్వేవారు. ఆమెను డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మరుపు మందులతో తగ్గవచ్చునన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. ఒకే భాష వచ్చిన వారికంటే రెండు భాషలు వచ్చిన వారిలో జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి ముఖం చూడని వారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండో భాష నేర్చినవారికి జబ్బే రాదని దీనర్థం కాదు. మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదని కూడా వారే చెప్పారు.

ఇప్పుడు మన జిల్లాను చూడండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి ఒకే సంతలో వినబడతాయి. ఇంత సొత్తు చేతిలో పెట్టుకొని, ఇంగ్లీషు చదువు పేరు చెప్పి, ఇంట్లో గోండి మాట్లాడిన పిల్లవాణ్ణి నోరు మూయిస్తున్నాం! ఇంగ్లీషు నేర్వవద్దని నేననడం లేదు. ఒకటి నేర్వాలంటే ఇంకొకటి మరవాలనే వాదమే తప్పు. అమ్మమ్మ మాట మనవడికి రాకపోతే ఆమెతో మాట్లాడేదెవరు? మాట కరువైన ముసలితనంలో మనసు కుంగిపోదా?

విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, ఏటా ఒక ఊరికి డాక్టరుతో వెళ్దాం. మతి తప్పుతున్న పెద్దలెవరో ఇంటింటా కనుక్కొని జిల్లా ఆసుపత్రికి చేర్చుదాం. 2023 నుంచి మన పట్టణంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది గదా, ఆ విద్యార్థులనూ పిలుద్దాం. అంతదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాత అదే కథ పదోసారి మొదలుపెడితే, లేచిపోకుండా కూర్చొని వినండి. కథలో ఏ పేరు తప్పుతున్నదో, ఏ దారి మరుస్తున్నాడో గమనించండి. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.