మీ ఎత్తు అడగని గోల్ఫ్ సెట్టు

మన ఐటీ మారాజులకి మేనేజర్ పోస్టు రాగానే గోల్ఫ్ పిచ్చి పట్టుకుంటుంది. తప్పేం లేదు. కానీ షోకేసులో ఉన్న సెట్టు అలాగే లేపుకొచ్చి, బంతి ఎడమకి పోతుంటే "నా స్వింగే బాలేదు" అని కోచ్‌కి డబ్బులు పోస్తారు చూడండీ, అక్కడే నాకు ఒళ్ళు మండేది.

ఆ సెట్టు ఐదడుగుల పది అంగుళాల మనిషికి అటూ ఇటూగా చేసింది. మీరేమో ఐదూ నాలుగు. మీ చేతులు కిందికి ఉంటాయి, క్లబ్ తల ముందు కొస నేల మీంచి లేస్తుంది, కుడిచేతివాటం వాడికి బంతి ఎడమకే పోతుంది. కడ్డీకీ నేలకీ మధ్య ఉండే ఈ కోణాన్నే లై యాంగిల్ అంటారు. పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ కూడా మనలాగే ఇంజనీరు, జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూనే 1959లో గ్యారేజీలో పట్టర్ చేశాడు. ఎత్తు, మణికట్టు నుంచి నేలకి దూరం కొలిచి కోణం తేల్చే రంగుచుక్కల పద్ధతి ఆ కంపెనీదే.

"కొత్తవాడికి ఫిట్టింగ్ ఎందుకండీ, ముందు ఆట రానివ్వండి" అంటారు. ఇంకా నయం! సరిపోని కర్రతో నేర్చుకుంటే దానికి తగ్గ వంకర స్వింగే వస్తుంది. బగ్గు చుట్టూ కోడ్ రాసుకుంటూ పోవడం మనకి తెలీని విద్యా? :)

మా ముదిగుబ్బలో గోల్ఫ్ లేదు గానీ, పారకి కామ వేయించుకునే రైతు వడ్రంగి ముందు నిలబడి "నాకిది పొట్టిదైతాది, ఇంగో జానెడు ఇడువు" అంటాడు. శెనక్కాయ చేలో విరిగేది తన నడుమే మరి. వేలకి వేలు పోసే మనవాడికి ఆపాటి నోరు లేదు.

కొనేముందు కొలవమనండి. టేపు లేదంటే బయటికొచ్చేయండి.